తుంటి స్నాయువులలో సున్నం

మన ప్రాంతంలో కాలి నొప్పితోగాని, నడుము నొప్పితోగాని బాధపడేవారిని పలకరిస్తే రెండు మాటలలో ఏదో ఒకటి వినిపిస్తుంది. "నరం పట్టింది" అనేది మొదటిది. "ఎముకలలో సున్నం చేరింది" అనేది రెండవది. మొదటి మాట ఎంత అస్పష్టమైనదో అందరికీ తెలిసినదే. కండరమైనా, స్నాయువైనా, రక్తనాళమైనా, అసలైన నరమైనా మన వాడుకలో అన్నీ నరాలే. రెండవ మాట మాత్రం ఒక్కొక్కసారి అక్షరాలా నిజమవుతుంది. అయితే ఆ సున్నం ఎక్కడ చేరినది, ఎందుకు చేరినది, దానిని తీయవలెనా అక్కరలేదా అన్న విచారణ లేకుండానే ఆ మాట విన్న కుటుంబాలు భయపడిపోవడం, అప్పుల పాలు కావడం కద్దు. మా ఇంట జరిగిన ఒక ఉదంతమే ఈ వ్యాసానికి కారణం.

మా మేనత్త నాయుడుపేటకు సమీపంలోని ఒక పల్లెలో కాపురముంటున్నది. యాభై రెండవ ఏట ఆమెకు కుడి తుంటికి వెలుపలి ప్రక్కన సన్నగా నొప్పి మొదలైనది. ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేదు. పీట మీద కూర్చుంటే మరొకరి చేయి ఆసరా లేనిదే లేవలేదు. ఒక వైద్యశాలలో ఎక్స్‌రే తీయించగా తొడ ఎముక ప్రక్కన శనగగింజంత తెల్లని మచ్చ కనబడినది. "సున్నం పేరుకున్నదమ్మా. పాలు, పెరుగు మానెయ్యండి, తాంబూలం ముట్టవద్దు. నేడో రేపో తుంటి మార్పించుకోవలసి వస్తుంది" అని చెప్పి పంపినారు. ఆమె ఆ మాటను వేదవాక్కుగా తీసుకొని ఏడాది పాటు మజ్జిగ సైతం ముట్టలేదు. "పాలు తాగితే సున్నం, పెరుగు తింటే సున్నం, ఇంక నేనేం తిని బతకాలిరా అబ్బాయ్?" అని నన్ను అడిగినప్పుడు, జంతుశాస్త్రం బోధించే నాకు కూడా వెంటనే సమాధానం తోచలేదు.

ఏడాది గడిచిన తరువాత ఒక రాత్రి ఆ నొప్పి భరింపరానిదైనది. కాలు కదిలించనివ్వలేదు, ఒళ్ళు కూడా కొద్దిగా వెచ్చబడినది. ఇక తుంటి మార్పిడి తప్పదని నిశ్చయించుకొని మా మామయ్య అరెకరం మాగాణి కుదువపెట్టడానికి మనిషిని మాట్లాడినాడు. తిరుపతిలో ఒక వృద్ధ వైద్యునికి చూపించి ఆ పని చేయవచ్చునని నేను పట్టుబట్టినాను. ఆయన కొత్తగా మరొక ఎక్స్‌రే తీయించి, పాతదానిని, కొత్తదానిని ప్రక్కప్రక్కన కిటికీ వెలుతురుకు పట్టి చూచినాడు. పాత ఫిలిములో మచ్చ గట్టిగా, అంచులు గీసినట్లుగా ఉన్నది. కొత్తదానిలో అదే మచ్చ దూది పింజెలాగా విడి, అంచులు చెదిరి ఉన్నది. "ఇది పెరగడం లేదు, కరిగిపోతున్నది. నొప్పి అందుకే" అన్నాడు ఆయన. కొద్ది రోజులు విశ్రాంతి, వాపు తగ్గే మాత్రలు, కొన్నాళ్ళు చేతికర్ర, ఇంతే చికిత్స. నాలుగు నెలల తరువాత తీసిన మూడవ ఫిలిములో మచ్చ లేదు. అరెకరం దక్కినది.

వ్యాధి కుదురుతున్నప్పుడే నొప్పి అధికం కావడం వింతగా తోచవచ్చును. దానిని గ్రహించడానికి స్నాయువును గురించి కొంత తెలియవలెను. కండరం నేరుగా ఎముకకు అతుకుకొని ఉండదు. తెల్లని, గట్టి, సాగని త్రాడువంటి పదార్థం ఒకటి కండరం కొసను ఎముకకు బిగించి కట్టి ఉంచుతుంది. అదే స్నాయువు. తొడ ఎముక పైభాగాన, ప్రక్కకు పొడుచుకొని వచ్చిన ఒక బొడిపె కలదు. తుంటి ప్రక్కన అరచేయి పెట్టి నడిస్తే అది చేతికి తగులుతుంది. పిరుదులలోని మధ్య కండరం, చిన్న కండరం తమ స్నాయువులతో ఆ బొడిపెను పట్టుకొని, మనం ఒంటికాలిమీద నిలిచినప్పుడు నడుము ప్రక్కకు ఒరిగిపోకుండా కాపాడుతాయి. పెద్ద పిరుదు కండరం కొంత క్రిందుగా, తొడ ఎముక వెనుక భాగాన అతుకుకొంటుంది. తొడ ముందు భాగంలోని పొడవైన కండరం కటి ఎముక ముందున్న ఒక చిన్న మొన నుండి బయలుదేరుతుంది. తుంటి చుట్టూ సున్నం చేరేది ఎక్కువగా ఈ స్థానాలలోనే. శరీరం మొత్తం మీద చూస్తే ఈ వ్యాధికి మొదటి స్థావరం భుజం. తుంటి దాని తరువాతిది. ముప్పై నుండి అరవై సంవత్సరాల మధ్య వయసువారికి, అందులోనూ స్త్రీలకు, ఎక్కువగా వస్తుంది.

ఈ సున్నం గోడకు వేసే సున్నమూ కాదు, తమలపాకుకు రాసే సున్నమూ కాదు. మన ఎముకలలోనూ, పళ్ళలోనూ ఉండే కాల్షియం ఫాస్ఫేటు జాతి స్ఫటికమే ఇది. స్నాయువులో కొన్ని చోట్ల రక్తప్రసారం తక్కువ. అటువంటి చోట కణాలు తమ స్వభావాన్ని మార్చుకొని మృదులాస్థి కణాల వంటివిగా మారి, తమ చుట్టూ ఈ స్ఫటికాలను పేరుస్తాయి. కెనడాలోని ఒటావా నగరంలో పనిచేసిన హాన్స్ ఊతాఫ్ అనే శస్త్రవైద్యుడు భుజం స్నాయువులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఇది అరిగిపోయిన కణజాలంలో సున్నం దానంతటదే రాలడం కాదని, బ్రతికి ఉన్న కణాలు జరిపే ఒక క్రమబద్ధమైన చర్య అని 1975లో ప్రతిపాదించినాడు. కణాలు పేర్చినదానిని కొంతకాలానికి వేరే కణాలు వచ్చి తినివేస్తాయి. పేర్చేటప్పుడు సున్నం సుద్దముక్కవలె పొడిగా ఉంటుంది. అప్పుడు బాధ స్వల్పం, ఒక్కొక్కప్పుడు అసలే ఉండదు. తినివేసేటప్పుడు కొత్త రక్తనాళాలు చొచ్చుకొని వచ్చి, సుద్ద కాస్తా పళ్ళపేస్టు వలె మెత్తబడి, స్నాయువు లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. అప్పుడే మా మేనత్తకు వచ్చినటువంటి రాత్రి వస్తుంది.

ఆ నొప్పి తొడ ప్రక్కగా క్రిందికి జారడంచేత దానిని నడుము నరం నొప్పిగా పొరబడేవారు కలరు. జ్వరం తగిలితే చీము పట్టినదేమోనని అనుమానిస్తారు. పెద్ద పిరుదు కండరం అతికే చోట సున్నం చేరినప్పుడు, దాని క్రింది ఎముక పైపొర కొద్దిగా కొరికినట్లు కనబడి, ఎముక క్యాన్సరేమోనని వైద్యులే కలవరపడిన సందర్భాలు వైద్య గ్రంథాలలో కలవు.

ఇక పాలు, పెరుగుల సంగతి. ఈ వ్యాధిలో రక్తంలోని కాల్షియం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. తిన్న ఆహారంలోని కాల్షియం పోయి స్నాయువులో కూర్చొనదు. ఆహారం మానినంత మాత్రాన పేరుకున్నది కరగదు కూడా. యాభై దాటిన స్త్రీకి ఎముకలు పలుచబడే కాలంలో పాలు మాన్పించడం వలన కలిగేది కీడు మాత్రమే. తాంబూలం మానడం పళ్ళకు, నోటికి మేలేగాని, తుంటికి దానితో సంబంధం లేదు.

అయితే మన పెద్దల భయం పూర్తిగా నిరాధారమని కొట్టివేయరాదు. బయటినుండి వచ్చిన ఒక పదార్థం కారణంగా స్నాయువులు, ఎముకల కట్లు సున్నబారిపోయే వ్యాధి మరొకటి కలదు. మనుష్యులలో అది మన దేశంలో మొట్టమొదట శాస్త్రీయంగా గుర్తింపబడినది నెల్లూరు జిల్లాలోనే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించినారు. వీరిలో పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి ప్రథమ డైరెక్టరు అయినాడు. ఈ వ్యాధికి పేరుపడిన దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. వైద్యులకంటె ముందు రైతులే తమ ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించినారని చెప్పుకొంటారు. ఆ తరువాత 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను గురించి డాక్టర్ ఏ.హెచ్. సిద్దీఖీ వ్రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించే పద్ధతికి 1970ల దశకంలో నల్లగొండ పేరే పెట్టినారు. నీటి ఫ్లోరైడును తీయడానికి సున్నమే పనికిరావడం ఒక చమత్కారం.

లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. అంతకు మిక్కిలి అధికంగా ఉన్న నీటిని ఏళ్ళ తరబడి త్రాగినవారిలో ఎముకలు చిక్కబడి, వెన్నుపూసల మధ్య కట్లు, కటి వలయంలోని బంధనాలు, స్నాయువులు ఎముకకు అతికే మొదళ్ళు అన్నీ క్రమంగా గట్టిపడతాయి. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పొర కూడా సున్నబారుతుంది. అందుచేత ముంజేతి ఎక్స్‌రే చూచి ఈ వ్యాధిని ఆనవాలు పట్టవచ్చును. మేనత్త తుంటిలో చేరినది ఒకే చోట ఒక గింజంత; అది వచ్చినది, పోయినది. ఫ్లోరోసిస్‌లో గట్టిపడేది ఒక చోటు కాదు, అస్థిపంజరం యావత్తు. దానిని చెక్కి తీయగల శస్త్రం లేదు. వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడినవారికి మాత్రమే ఆ ఒత్తిడిని తొలగించే శస్త్రచికిత్స ఆలోచిస్తారు. మిగిలినవారికి నీరు మార్చడమే మార్గం. కనుక తుంటిలో సున్నం అన్న మాట విన్నప్పుడు, చిన్న రంధ్రంతో తీసివేయవచ్చునన్న ఆశ కలిగే ముందు, ఈ రెండింటిలో అది ఏది అన్నది తేలవలెను. ఆ తేల్చుకొనడానికి అయ్యే ఖర్చు రెండు మూడు ఎక్స్‌రేలు, ఒక నీటి పరీక్ష.

మొదటి రకం సున్నం తేలినవారిలో చాలమందికి విశ్రాంతి, మందులు, వ్యాయామం సరిపోతాయి. నెలలు గడచినా కరగక, నడకను, నిద్రను చెరిపేవారికి తరువాతి మెట్లు కలవు. 1980లో మ్యూనిక్ నగరంలో మూత్రపిండాలలోని రాళ్ళను శరీరం కోయకుండా తరంగాల దెబ్బలతో పగులగొట్టడం ఆరంభించినారు. అటువంటి తరంగాలనే స్నాయువు సున్నం మీద కూడా ప్రయోగిస్తున్నారు. మరొకటి సూదితో కడగడం. అల్ట్రాసౌండు తెరమీద మచ్చను చూచుకొంటూ, చర్మానికి మత్తు ఇచ్చి, సూదిని సరిగా ఆ మచ్చలోనికి దింపి, ఉప్పునీటిని లోనికి నెట్టి వెనుకకు తీస్తారు. మెత్తబడిన సున్నమైతే సిరంజిలోనికి పలుచని పాలవలె వస్తుంది. కొంతసేపు నిలబెడితే అడుగున తెల్లని మడ్డి దిగుతుంది. రోగి ఆ రోజే ఇంటికి పోవచ్చును. తుంటిలో కండరాల దళసరి ఎక్కువ కనుక భుజంలో కంటె పొడవైన సూది, మరింత నేర్పు కావలెను. సుద్దవలె గట్టిగా ఉన్న సున్నం మాత్రం సూదికి సరిగా లొంగదు.

అట్టివారికే శస్త్రచికిత్స. పూర్వం తొడ ప్రక్కన పొడవుగా కోసి, కండరాల మీది దళసరి పట్టీని చీల్చి, స్నాయువును బయటపెట్టి సున్నాన్ని గీకేవారు. తీసేది శనగగింజంత, దానికోసం కోసేది జానెడు. ఈ వైపరీత్యాన్ని తొలగించిన సాధనం కీళ్ళలోనికి చూచే కాంతిగొట్టం. దాని చరిత్ర మొదలైనది మోకాలితో. 1918లో టోక్యోలో కెంజీ తకాగి మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో ఒక శవం మోకాలిలోనికి చూచినాడు. 1931లో న్యూయార్కుకు చెందిన మైకేల్ బర్మన్ శవాల మీద అనేక కీళ్ళను పరీక్షించి, తుంటిలోని బంతికి, గిన్నెకు మధ్య సూది దూర్చడం అసాధ్యమని తేల్చినాడు. తకాగి శిష్యుడు మసాకి వతనబే 1950ల దశకం చివర రూపొందించిన ఇరవై ఒకటవ నమూనా గొట్టమే నిజంగా వాడుకకు పనికివచ్చిన మొదటిది. అయితే దాని కొసన చిన్న విద్యుద్దీపం ఉండేది. అది కీలు లోపలే పగిలితే ఏమగునో ఊహించుకొనవచ్చును. దీపాన్ని బయటనే ఉంచి, వెలుగును మాత్రం గాజుపోగుల గుండా లోనికి పంపే విద్య వచ్చిన తరువాత ఆ భయం తీరినది. ఆ గాజుపోగుల శాస్త్రానికి పునాది వేసినవారిలో పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి ఆయన వ్రాసిన వ్యాసం 1954లో నేచర్ పత్రికలో వచ్చినది. భౌతికశాస్త్ర విద్యార్థులు సంపూర్ణాంతర పరావర్తనాన్ని పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. అది ఒక రోగి తొడలో వెలుగుతుందని వారికి చెప్పే అధ్యాపకులు అరుదు.

బర్మన్ చెప్పిన కష్టం తుంటి కీలు లోపలికి పోవడంలోనిది. అక్కడికి పోవలెనంటే రోగి కాలిని బల్లకు కట్టి లాగి, బంతిని గిన్నె నుండి కొద్దిగా ఎడం చేయవలెను. అదృష్టవశాత్తు పిరుదు స్నాయువుల సున్నం కీలు లోపల లేదు, వెలుపల ఉన్నది. తొడ ప్రక్కనున్న దళసరి పట్టీకి, ఎముక బొడిపెకు మధ్య ఒక ఖాళీ కలదు. శస్త్రవైద్యుడు పని చేసేది ఆ ఖాళీలోనే. కాలిని గట్టిగా లాగే అవసరం ఉండదు. రోగికి పూర్తి మత్తుగాని, నడుము క్రింది భాగానికి మాత్రం మత్తుగాని ఇస్తారు. బల్ల ప్రక్కనే ఎక్స్‌రే యంత్రాన్ని ఉంచుకొని, దాని తెరమీద చూచుకొంటూ రెండు లేక మూడు రంధ్రాలు, ఒక్కొక్కటి వ్రేలిగోరు వెడల్పున, చేస్తారు. ఒక రంధ్రం నుండి కెమెరా బిగించిన కాంతిగొట్టం, మరొకదాని నుండి పనిముట్టు. లోపల ఉప్పునీరు ధారగా ప్రవహిస్తూ ఖాళీని ఉబ్బించి ఉంచుతుంది. వాచిన తిత్తిని శుభ్రపరచి, సూదిమొనతో స్నాయువును పొడిచి చూస్తారు. సున్నం ఉన్న చోట సూది దిగగానే ఉప్పునీటిలో తెల్లని రజను మంచువలె ఎగసి తెరనంతా కమ్మివేస్తుంది. స్నాయువు పోగుల పొడవునే చిన్న గాటు పెట్టి, చెంచావంటి పనిముట్టుతోను, పీల్చుకొంటూ గీకే యంత్రంతోను సున్నాన్ని తీసివేస్తారు. పోగులకు అడ్డంగా కోయరు. కోస్తే త్రాడు తెగినట్లే. తీసిన చోట గుంత పెద్దదై స్నాయువు బలహీనపడినదనిపిస్తే, ఎముకలో చిన్న మేకువంటిది దింపి దాని దారాలతో స్నాయువును తిరిగి కుట్టివేస్తారు. మరల ఎక్స్‌రే తెరమీద చూచి, మచ్చ పోయినదని నిశ్చయించుకొన్న తరువాతనే రంధ్రాలను మూస్తారు.

రంధ్రం చిన్నది కనుక ప్రమాదం లేదనుకొనరాదు. తుంటి ముందువైపు పని చేసేటప్పుడు తొడ చర్మానికి స్పర్శనిచ్చే నరం దగ్గరలోనే ఉంటుంది. అది దెబ్బతింటే తొడ ప్రక్కన తిమ్మిరి మిగులుతుంది. పెద్ద పిరుదు కండరం దగ్గర కాలికంతటికీ ప్రధానమైన నరం సమీపంలో పోతుంది. ఒక్కొక్కరికి సున్నం తీసిన చోటనే కొత్త ఎముక మొలుస్తుంది. దానిని అడ్డుకొనడానికి కొన్ని వారాలు మాత్రలు ఇస్తారు. చీము పట్టే అవకాశం ఏ శస్త్రచికిత్సకైనా ఉన్నదే. తుంటి కాంతిగొట్టంతో పనిచేయడం నేర్చుకొనడం మోకాలి పనికంటె కష్టమని ఆ విద్యలో ఆరితేరినవారే ఒప్పుకొంటారు. కనుక నాయుడుపేట నుండి తిరుపతికి పోయినా, నెల్లూరికి పోయినా, రైలెక్కి చెన్నైకి పోయినా, ఈ పనిని తరచుగా చేసే చేతిని వెదకడం అవసరం. పాత ఎక్స్‌రేలను పారవేయక వెంట తీసుకొనిపోవడం అంతకంటె అవసరం. మా మేనత్తను కాపాడినది ట్రంకుపెట్టెలో చీరల క్రింద దాచిన పాత ఫిలిమే.

శస్త్రచికిత్స జరిగినవారు సాధారణంగా తొందరగానే లేచి ఊతకర్రలతో నడుస్తారు. స్నాయువును తిరిగి కుట్టినవారికి మాత్రం ఆరు వారాల వరకు కాలిమీద పూర్తి బరువు వేయనివ్వరు. మనవారు అడిగే ప్రశ్న మరొకటి ఉంటుంది. నేలమీద కూర్చొనవచ్చునా, నమాజులో మోకాళ్ళపై కూర్చుండవచ్చునా, పొలం గట్టు మీద గొంతుకూర్చొనవచ్చునా అని. తుంటిని పూర్తిగా మార్పించుకొన్నవారికి ఇవన్నీ చాలవరకు కట్టుబాటులోనికి వస్తాయి. సున్నం మాత్రం తీయించుకొన్నవారికి, స్నాయువు మానిన తరువాత, వైద్యుని అనుమతితో క్రమంగా ఇవన్నీ తిరిగి సాధ్యమవుతాయి. అనవసరపు తుంటి మార్పిడికి, ఈ చిన్న చికిత్సకు మన ప్రాంతపు జీవనంలో ఉన్న తేడా ఇదే.

మా మేనత్త ఇప్పుడు పాలు, పెరుగు యథాప్రకారం పుచ్చుకొంటున్నది. తాంబూలాన్ని మాత్రం మళ్ళీ మొదలుపెట్టనివ్వలేదు. అందుకు నామీద కోపంగానే ఉన్నది. ఆమె అనుమతితో, పేరున్న అంచును కత్తిరించి, ఆ మూడు ఫిలిములను మన కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో అస్థిపంజరం ప్రక్కనున్న కిటికీకి తగిలించి ఉంచినాను. ఆసక్తి గల విద్యార్థులు ఉదయం పది గంటల ప్రాంతాన వచ్చి చూడవచ్చును; ఆ వేళకు ఎండ ఆ కిటికీ మీద సరిగా పడుతుంది.